పొగ కాయితం

ఎర్రగుంట్ల నాలుగురోడ్లకాడ
తెల్ల వ్యాను వెనక తలుపు తెరుచుకోని కూచుంటా.
తొమ్మిదేండ్లుగా ఇదే పని,
బండ్ల తోకల్లో కడ్డీ దూర్చి
ఊపిరి చూడడం.
డాక్టరు మాదిరేం కాదులే.
ఆయనకు రోగముందని చెప్పినందుకు ఇస్తారు,
నాకు లేదని చెప్పమని ఇస్తారు.

సిమెంటు లారీ, బూడిద లారీ,
ఆగేలోపల నాలుగుసార్లు దగ్గే నాపరాళ్ల ట్రాక్టరు.
"ఏసెయ్‌న్నా ముద్ర, టైమయితాంది."
మిషను ఒక అంకె చెప్తాది,
నా చేతిగుడ్డ ఇంకొకటి చెప్తాది.
గుడ్డకు జెరాక్సు ఎవురూ అడగరు.
ప్రొద్దుటూరు పల్లెవెలుగు ఒక్కటే కాస్త న్యాయం:
అరవైమందికి కలిపి ఒక దగ్గు.

ఇంటికి పోయి ముక్కు చీదితే
ఆ పొద్దు ఎన్ని బండ్లొచ్చినాయో తెలిసిపోతాది.
మా సుంకులమ్మ దండెం మీద
తెల్లచీర ఆరేసి ఎన్నేండ్లయిందో.

మొన్న మంగళారం
ఓబులేసు కరెంటు ఆటో తెచ్చినాడు,
డీజిలుది అమ్మి, పెండ్లాం కమ్మలు కుదవబెట్టి.
వచ్చింది కూడా తెలీలేదు.
రోడ్డు పక్క మేక చెవి కదిలియ్యలేదు.
వెనక నిమ్మకాయల మూట మీద చాంద్‌బీ
అలవాటుకొద్దీ అరిచి మాట్లాడి
తన గొంతుకు తానే సిగ్గుపడింది.

"కాయితమియ్యి మామా."
కడ్డీ పట్టుకోని వెనక్కి పోతే
దూర్చడానికి తోక లేదు.
వంగి చూసినా. మన్ను.
"దీనికి అక్కర్లేదురా."
"ఎవురన్నా ఆపితే ఏం సూపాల? సున్నా అని రాసియ్యి."

వీని మాదిరి నూరుమంది వస్తే
వ్యాను అమ్ముకోవాల.
డీజిలు వ్యాను. దాని కాయితమే
పోయిన నెల్లో అయిపోయింది.

సున్నా.
తొమ్మిదేండ్లలో ఒంటిగా నొక్కని మీట.
వేలు దాని మీద పెట్టి తలెత్తితే
పడమట కలమళ్ల పొగగొట్టాలు.
రాత్రి ఓబులేసు ప్లగ్గు పెట్టినప్పుడు
ఆడ దోసెడు బొగ్గు మండుంటాది.
లేదా యాడో గుట్ట మీద
గాలిమర ఒక చుట్టు తిరిగుంటాది.
ఏది ఏదో ప్లగ్గుకు తెలీదు.
ఆ గొట్టంలో కడ్డీ దూర్చేంత
పొడుగు చెయ్యి నాకు లేదు.
కలమళ్లలోనూ ఒక ఇల్లుంటాది,
ఇంటి ముందర ఒక దండెముంటాది.

అట్లని ఓబులేసును తప్పు పట్టేదానికి లేదు.
ఈ నాలుగురోడ్లకాడ పుట్టి బుద్ధెరిగినాంక
మొదటిసారి, వాని ఆటో పక్కన నిలబడి
నిమ్మకాయల వాసన పీల్చినా.

మిషను పక్కన పెట్టి
తెల్లకాయితం మీద పెన్నుతో రాసిచ్చినా:
"ఈడ సున్నా."
కింద సంతకం.

వాడు కూడబలుక్కోని చదివి
"ఈడ అని ఎందుకు మామా?" అన్నాడు.
వెనక బూడిద లారీ హారను కొట్టింది.
కడ్డీ తీసుకోని లేచినా.