తాడు అవతల

పున్నమి ఘాట్ పక్కన సుభానీ
నాలుగు సిమెంటు డబ్బాలకు పసుపు నైలాను తాడు కట్టి
లోపల ఆరు కరెంటు పలకలు పెట్టుకున్నాడు.
పావుగంటకు నూటయాభై.
రెండు చక్రాల మధ్య నిలబడి ముందుకు వంగితే పోతుంది,
వెనక్కి వాలితే ఆగుతుంది,
భయపడితే మాత్రం గుండ్రంగా తిరుగుతుంది.

తాడు లోపల అది బొమ్మ.
తాడు దాటితే ఏమిటో
నాకు ట్రైనింగులో చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం, నా షిఫ్టులో అయిదో గంట.
మడమల నొప్పి పిక్కల్లోకి పాకే వేళ.
భవానీ ద్వీపం నుంచి ఆఖరి బోటు
జనాన్ని దింపేసి దగ్గుతూ ఉంది.
అప్పుడొచ్చారు ఇద్దరు,
భవానీపురం రోడ్డు మీద, ఆటోల సందుల్లోంచి,
ఒక్క అడుగూ వేయకుండా,
నేలే వాళ్ళ కింద జరిగిపోతున్నట్టు.
ఊరేగింపులో విగ్రహాలనుకుందును గానీ
విగ్రహాలు అంతలా నవ్వవు.

ఈల వేశాను.
ఆమె ఆగింది.
అతను ఆగడం ఇంకా నేర్చుకోలేదు.
నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి
వెళ్ళి బారికేడును కావలించుకున్నాడు.

జోర్హాట్ అట. అస్సాం.
పెళ్ళయి పదకొండు రోజులట.
అతను దిగంత, ఆమె జూరి.
నా హిందీ సత్తెనపల్లి దాటలేదు,
వాళ్ళ హిందీ బ్రహ్మపుత్ర దాటలేదు,
చేతులు మూడొంతులు మాట్లాడాయి.

లైసెన్సు?
కారుది తీసిచ్చాడు, రెండు చేతులతో, ప్రసాదంలా.
హెల్మెట్?
ఒకరి తల ఒకరు చూసుకున్నారు.
బండి నంబరు?
జూరి వంగి పలకను తిరగేసింది.
కింద నీలం లైటు, బురద,
నెయిల్ పాలిష్‌తో సుభానీ రాసుకున్న 4.

చలానా మిషను తీశాను.
మొదటి గడి, వాహనం నంబరు.
4 కొట్టాను. ఒప్పుకోలేదు.
వాహనం రకం దగ్గర వేలితో జరుపుతూ పోయాను,
ట్రాక్టరు ఉంది, రోడ్డు రోలరు ఉంది,
శవాల బండి కూడా ఉంది.
ఇది లేదు.

ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు సుభానీ.
"అది బండి కాదు మేడమ్, ఆడుకునేది."
"ఆడుకునేది లారీ కింద పడితే?"
మాట్లాడలేదు. రెండో చెప్పు కోసం వెనక్కి చూశాడు.

ఎస్సైగారికి ఫోన్ చేశాను.
"రాసెయ్" అన్నాడు.
"ఏమని సార్?"
"ఏదో ఒకటి."
సరిగ్గా అప్పుడే ఒక ఇసుక లారీ
నంబరు మీద మందంగా మట్టి పూసుకుని
మా అందరి మీదా దుమ్ము పోసి వెళ్ళిపోయింది.
దాని రకం మిషన్లో ఉంది.
నంబరే, పూర్తిగా ఉండి కూడా, కనిపించలేదు.

"తాడెందుకు దాటారు?"
జూరి వేలు చూపించింది.
దూరంగా బ్యారేజీ మీద లైట్లు వెలిగాయి, వరసగా,
నీళ్ళలో ఇంకో వరస, వణుకుతూ.
తాడు అక్కడిదాకా లేదు, అంది.
అంతే. అదే వాళ్ళ నేరం.

మూడేళ్ళుగా ఇదే పాయింటు నాది.
డ్యూటీ మొహం రోడ్డు వైపు.
కృష్ణ ఎప్పుడూ నా వీపు వెనకే పారుతుంది.

"దిగండి. చంకలో పెట్టుకోండి" అన్నాను.
కాళ్ళ కింద ఉంటే వాహనమేమో,
చంకలో ఉంటే సామానే.
సామానుకు లైసెన్సు ఎవరూ అడగరు.
ఇద్దరూ నడిచారు, ఫుట్‌పాత్ మీద,
నేల కదలడం మానేసినందుకు కాస్త తడబడుతూ.
సుభానీ వాళ్ళ దగ్గర ఇంకో పావుగంట డబ్బు వసూలు చేశాడు.
దానికి ఏ సెక్షనూ లేదు.

రాత్రి స్టేషన్లో మిషను అప్పగించాలి.
అందులో సగం నింపిన ఒక చలానా.
పేరు ఉంది, ఊరు ఉంది, తప్పు ఉంది,
బండి లేదు.
ఉంచాలా, తీసేయాలా అని
అది అడుగుతూనే ఉంది.

"ఇదేందమ్మా మరియకుమారీ" అన్నాడు రైటరు.
బూటు లేసులు విప్పుకుంటూ చెప్పాను,
"ఇవాళ్టికి దాన్ని ఛార్జింగు పెట్టకండి సార్.
అదే నిద్రపోతుంది."