పదకొండో పేజీ

గావిన్ బుకన్,
నువ్వు పీటర్‌హెడ్ రేవులో జారిపడ్డ రాత్రి
అబర్డీన్‌లో మంచు అడ్డంగా కురుస్తోంది.
హెలికాప్టర్ ఎగరలేదు, రోడ్డు మీదే తెచ్చారు నిన్ను.
దారి పొడుగునా ఒక యంత్రం నీ ఛాతీని
రోకలిలా దంచుతూనే ఉంది.

ఒంటి వేడి ఇరవై నాలుగు.
కనుపాపల్లో కదలిక లేదు.
నీ మణికట్టుకి అంటుకున్న చేప పొలుసు ఒకటి
మా దీపాల కింద
నీకంటే ఎక్కువ బతికున్నట్టు మెరిసింది.

కొత్తగా చేరిన కుర్ర డాక్టరు గడియారం చూశాడు.
డాక్టర్ మక్రే చూడలేదు.
"వెచ్చబడేదాకా ఎవరూ చచ్చినట్టు కాదు"
అందావిడ, కాఫీ చల్లారిపోయిందన్నంత మామూలుగా.
పొటాషియం అంకె కోసం అందరం నిలబడ్డాం.
అయిదు.
అంటే తలుపు ఇంకా ఓరగా తెరిచే ఉంది.

తొడల్లోకి రెండు గొట్టాలు, నా బొటనవేలంత లావువి.
నల్లబడ్డ నెత్తురు బయటికొచ్చి
ఎర్రబడి, వెచ్చబడి, మళ్ళీ ఇంటికెళ్లింది.
చన్నీళ్లకు వేన్నీళ్లు తోడని
మావైపు జీతాల గురించి అంటారు.
ఆ రాత్రి ఆ మాటని కళ్లారా చూశాను.

ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది.
ముప్పై దాటేదాకా గుండె మాట వినదు,
బుజ్జగించాలంతే.
ముప్పై ఒకటి దగ్గర
తెరమీద సాపుగా ఉన్న గీత వణకడం మొదలెట్టింది.
ఒక్క షాక్.
ఆ తర్వాతి నిశ్శబ్దం ఎంతసేపో ఎవరం లెక్కపెట్టలేదు.
అప్పుడు ఒకటి.
చాలాసేపటికి
ఇంకొకటి.
డాక్టర్ మక్రే కాఫీ వేడిచేసుకోడానికి వెళ్లింది.

నీ తలాపున ఒక నోటుపుస్తకం పెట్టాం.
నిద్రమందులో పోయిన రోజుల్ని నీకు తిరిగిచ్చేందుకు
ఇక్కడ నర్సులం రాసే డైరీ అది.
"ఈరోజు మీకు గడ్డం గీశాం.
మోరాగ్ వచ్చి ఫుట్‌బాల్ స్కోరు చదివారు. ఓడిపోయారట."
"ఎడమచేతి చూపుడువేలు కదిలింది.
లేదా నాకలా అనిపించింది."

ఏప్రిల్లో కర్ర పొడుచుకుంటూ వచ్చావు,
చంకలో పొగబెట్టిన హాడక్ చేపల పెట్టె.
పదకొండో పేజీ తెరిచి
"ఈ గుండ్రటి రాతలో ఏముంది?
మోరాగ్ స్వెటర్ అల్లిక నమూనా అనుకుంది" అన్నావు.

వాతావరణం, అన్నాను.

గావిన్, ఆ పేజీలో నువ్వు లేవు.
నాలుగో నంబరు మంచం. పందొమ్మిదేళ్ల పిల్ల, ఆస్తమా.
పేరు నీకు చెప్పకూడదు.
నీకు చేసినవన్నీ తనకీ చేశాం.
అవే చేతులు, అదే డాక్టర్ మక్రే.
తను వెచ్చగానే ఉంది.
మొదట్నించీ వెచ్చగానే ఉంది.
తెల్లారి నాలుగింటికి తన జడ విప్పి, దువ్వి, మళ్ళీ అల్లి,
వాళ్లమ్మని లోపలికి పిలిచి,
వచ్చి నీ పక్కన కూచున్నాను.
చేతిలో పెన్ను, ఎదురుగా నీ డైరీ.
ఎంత వెతికినా ఇంగ్లీషు రాలేదు.

ముప్పై ఏళ్లు సముద్రం మీద తిరిగినవాడివి.
పేజీ కేసి చాలాసేపు చూశావు.
"పెద్ద గాలివానే అయ్యుంటుంది" అని
మెల్లగా పుస్తకం మూశావు.

చేపని పాలల్లో ఉడికించమని మరీ మరీ చెప్పి వెళ్లావు.
నేను పులుసు పెట్టాను.
రెండు రోజులు
పొగ వాసన ఇంట్లోంచి పోలేదు.