చెట్ల రిజిస్టరు

తుపాను వెళ్లిన నాలుగో రోజుకి రైళ్లు నడిచాయి.
సూళ్లూరుపేటలో అయిదూ పదికి ఎక్కి
పార్క్ స్టేషన్లో మారి
తాంబరంలో దిగి వస్తే
కాలేజీ గేటు లోపల దారి లేదు.
దారి ఉండాల్సిన చోట ఒక తురాయి పడుకుని ఉంది,
వేళ్ల నిండా ఎర్రమట్టి,
మట్టిలో ఏనాటిదో ఒక టెన్నిస్ బంతి.

నేను ఫీజుల సెక్షన్ మనిషిని.
చెట్ల సంగతి నాకేం తెలుసు.
అయినా నా చేతిలోనే పెట్టారు
పొడుగు రిజిస్టరు, నాలుగు గళ్లు:
నంబరు, పేరు, చుట్టుకొలత, పరిస్థితి.
"ఆఖరి గడిలో రెండే మాటలు రాయండి,
ఉంది, లేదు."

టేపు పట్టుకున్నవాడు తోటమాలి ఏకాంబరం.
ఇక్కడ ముప్పై ఒక్క ఏళ్లు.
ఈ అడవికి మీరేనా నీళ్లు పోసేది అంటే
"అడవికెవరు పోస్తారు సార్, గులాబీలకి పోస్తాను" అన్నాడు.
నా జేబులో పెన్ను చూసి తల అడ్డంగా ఊపి
చెవి మీది పెన్సిల్ తీసి ఇచ్చాడు.
ఎందుకో చెప్పలేదు.

అతను వేంబు అంటే నేను వేప అని రాస్తాను.
నావల్ అంటే నేరేడు. నొచ్చి అంటే వావిలి.
కొన్రై దగ్గర ఆగిపోయాను.
తడిసిన ఆకుల్లోంచి నల్లటి పొడుగు కాయ తీసి చూపించాడు.
ఓ, రేల!
తర్వాత ఒక నున్నటి మానుని తట్టి 'ఎట్టి' అన్నాడు.
నవ్వొచ్చింది.
మా వైపు ఆ మాట సర్క్యులర్లలో మాత్రమే బతుకుతోంది,
ఎట్టి పరిస్థితులలోనూ అని.
ముష్టిచెట్టు అది. నారింజ లాంటి కాయ, గింజలో విషం.
చుట్టూ అన్నీ ఒరిగాయి, ఇది ఒరగలేదు.
ఎట్టి పరిస్థితులలోనూ
ఉంది.

నాలుగు వందల పన్నెండు, వేప, నడుముకి విరిగింది.
లేదు, అని రాశాను.
విరిగిన ముక్క తొర్రలో రెండు గుడ్లగూబ పిల్లలు
టర్ము ఫీజు కట్టని కుర్రాళ్లలా
నా వంక కాక, నా పక్కకి చూస్తున్నాయి.
వీటి గడి ఏదని ఏకాంబరం అడగలేదు.
నేనే వెతికాను.

లైబ్రరీ వెనక
రావి చిటారుకొమ్మ నేల మీద ఉంది.
పుట్టి ఎరగని ఎత్తులోని చిగుళ్లని
ఒక దుప్పి తల వంచుకుని తింటోంది.
మెస్సు నుంచి కొట్టుకొచ్చిన చిప్స్ ప్యాకెట్టుని కూడా
అంతే శ్రద్ధగా వాసన చూసింది.
ఏకాంబరం టేపు వదిలేసి పరిగెత్తాడు.
పోయినేడు ఒకదాని పొట్ట కోసినప్పుడు
లైటు పట్టుకున్నది అతనేనట.
"ఆకులు ఇంతే సార్" అని పిడికిలి చూపించాడు.
కవర్లు ఎన్నో చూపించడానికి
రెండు చేతులూ చాపాడు.

ఫిబ్రవరిలో ఆడిట్ ముందు
మళ్లీ ఒకసారి తిరిగి రమ్మన్నారు.
నాలుగు వందల పన్నెండు మొండెం పక్కన
రాగి రంగు ఆకులు, నా మోకాలంత.
రబ్బరుతో చెరిపాను.
'లేదు' పూర్తిగా పోలేదు,
'ఉంది' కింద మసగ్గా కనిపిస్తూనే ఉంది.
ఆడిటర్ కళ్లజోడు సర్దుకుని
ఇదేమిటండీ అన్నాడు.
చెట్టండీ, అన్నాను.

ఆ సాయంత్రం గుమ్మిడిపూండి దాటాక
కాలర్లో ఏదో కుట్టింది.
ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమ.
ఏకాంబరం దీన్ని ఏదో పేరుతో తిట్టాడు, గుర్తు రాలేదు.
కిటికీ ఊచ మీద వదిలితే
గాలికి కొట్టుకుపోకుండా ఆరు కాళ్లతో అంటుకుపోయింది.
తడలో చేపల బుట్టతో ఎక్కినావిడ
"కొరివిచీమలు నాయనా, చొక్కా ఇప్పి దులుపుకో" అంది.
దులుపుకున్నాను.
ఇంకొకటి ఉంది,
వీపు మీద ఎక్కడో,
నడుస్తూ.