నల్లబల్ల మీద మూడు వారాలు

జోడుగుళ్ళపాలెంలో, సర్ఫింగ్ బోర్డులు అద్దెకిచ్చే
రేకుల షెడ్డు ముందు ఒక నల్లబల్ల.
ఏదో మూసేసిన బడిలోంచి వచ్చింది.
ఓ మూల ఎంత తుడిచినా పోని ఎక్కం, పదమూడు ఎనిమిదులు.
దాని పక్కన రోజూ తెల్లారగట్ల
సముద్రాన్ని రాస్తాను.

ఈ రోజు: కెరటం నడుమెత్తు.
కెరటానికీ కెరటానికీ మధ్య తొమ్మిది అంకెలు,
నేను లెక్కపెట్టినవి, ఫోను చెప్పినవి కావు.
గాలి కొండ మీంచి. ఎనిమిది దాటితే అటుది ఇటు తిరుగుతుంది.
నీళ్ళు మురికి, రాత్రి గెడ్డ పొంగింది.
ఎడమపక్క రాళ్ళ దగ్గర లాగుడు.
ఈత రాకపోతే వెళ్ళొద్దు.
ఈత వస్తే అసలే వెళ్ళొద్దు.

షెడ్డు ఓనరు ఇంతవరకే రాయమంటాడు.
శ్యామసుందరి టీచరుకి మాత్రం
రాబోయే మూడు వారాలూ కావాలి.

లెక్కల టీచరు, రిటైరై ఏడాది.
పద్నాలుగు పాఠాలయ్యాయి, బోర్డు మీద మోకాళ్ళ దాకా లేచారు.
ఆ మోకాళ్ళకే నవంబరు ఇరవై రెండున ఆపరేషన్.
తర్వాత నడవొచ్చు, మెట్లెక్కొచ్చు,
ఊగే వాటి మీద నిలబడొద్దన్నాడట డాక్టరు.
"ఒక్క కెరటం పోలిరాజూ. ఒడ్డుదాకా. నిలబడి."
మొదటిరోజే బల్ల చూసి,
"ఆ ఎక్కం నా చేతిరాత కాదు" అన్నారు,
నేను అడక్కుండానే.

సరే, రాస్తున్నాను.

మొదటి వారం, స్వాతి కార్తె.
అండమాన్ దగ్గర ఫోన్లో ఓ సుడి
నీలం వదిలి పసుపులోకి వస్తోంది.
ఇంకా పేరు పెట్టలేదు.
పేరు పెట్టేదాకా తిట్టడానికి కూడా వీల్లేదు.
స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యమంటారు,
మా రేకుల మీద పడితే మాట వినపడదు.
పోర్టులో ఒకటో నంబరు ఎగరేస్తారు,
వేటకెళ్ళొద్దని ఆటోలో మైకు తిరుగుతుంది.
కెరటం తలెత్తు, ఆపైన రెండు తలలు.
నేర్చుకునేవాళ్ళకి సెలవు. నేర్పేవాడికీ.

రెండో వారం తెలీదు.
సుడి గోపాల్‌పూర్ పోవచ్చు, కాకినాడ పోవచ్చు,
దారి అడక్కుండా తిన్నగా మన గుమ్మంలోకీ రావచ్చు.
మా మేనత్త అప్పలనరస ఎండుచేపలు తిరగేస్తూ
"పీతలు కన్నాలు కిందనే తవ్వుతన్నాయిరా.
ఇటు రాదు, పడుకో" అంది.
పోయినసారీ ఇదే మాటంది.
ఆసారి షెడ్డు రేకులు రోడ్డవతల దొరికాయి.
అయినా ఆమెనే అడుగుతాను.
ఫోను తప్పు చెప్తే పోట్లాడ్డానికి
అవతల ఎవరూ ఉండరు.

మూడో వారం, విశాఖ కార్తె.
"మన ఊరి పేరే కదా, మన మాట వింటుందేమో"
అన్నారు టీచరు.
ఊరే వినదు, కార్తె వింటుందా.
కానీ సుడి పోయిన నాలుగో నాడు, ఐదో నాడు,
అది ఎక్కడో నడిసంద్రంలో వదిలేసిన కెరటాలు
నెమ్మదిగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి తోసుకోకుండా వస్తాయి.
మధ్య పన్నెండు అంకెలు, ఒక్కోసారి పదమూడు.
తెల్లవారి కొండగాలి వాటిని వెనక్కి దువ్వి నిలబెడుతుంది.
ఆ గంటంబావు సముద్రం చిన్నపిల్లల్ని కూడా మోస్తుంది.
ఒక్కటే లోటు: తుపాను ఇసుకమిట్టని ఎత్తుకెళ్ళి
ఎక్కడ పోస్తుందో ఏ లెక్కా చెప్పదు.
మిట్ట లేకపోతే కెరటం ఒడ్డు మీదే కూలబడుతుంది.

రాశాను: పద్దెనిమిదో తేదీ, ఆరుంబావు నుంచి ఏడున్నర.
చివర ప్రశ్నార్థకం పెట్టాను.

"నూటికి ఎంత?"
"నలభై ఉండొచ్చు టీచర్."
"ముప్పై అయిదుకి ఎంతమందిని పాస్ చేశానో తెలుసా"
అని చీర కుచ్చిళ్ళు లేకపోయినా అలవాటుగా సర్దుకుని
తడి ఇసుక మీద బోర్లా పడుకున్నారు.
అక్కడ బోర్డు ఆకారం నేనే గీశాను, కాస్త వంకర.

దూరంగా మూడు ఓడలు,
రేవులో చోటు కోసం లంగరేసుకుని.
చినుకు తాకగానే బల్ల మీద 'మొదటి వారం' కారడం మొదలైంది.
లోపల పెట్టాలి.
పెట్టలేదు, లెక్కపెడుతున్నాను.
ఒకటి, రెండు, అరచేతులు నొక్కారు.
ఐదు, ఎడంకాలు ముందుకు.
తొమ్మిది దగ్గర కెరటం విరిగింది.
ఆమె ఇంకా ఒక మోకాలి మీదే ఉన్నారు,
చెంపనిండా ఇసుక.

"మళ్ళీ" అన్నారు.