గులాబి ముద్ద గట్టిపడేలోగా

శుక్రవారం, సాయంత్రం ఆరు దాటింది.
పోర్తోలో వాన, మెట్ల దారి పొడవునా
నూనె పూసినట్టు మెరుస్తున్న రాళ్ళు.
మా కట్టుడుపళ్ళ కార్ఖానాలో
మైనం కరిగించే దీపాలార్పి
ప్లాస్టర్ దుమ్ము తుడిచి
పెద్ద బల్ల ఖాళీ చేశాం.
అరల్లో వరసగా ఊళ్ళోవాళ్ళ దవడలు,
నోరు తెరిచినవి కొన్ని, మూసినవి కొన్ని,
మమ్మల్ని చూస్తూ.

పాతసామాన్ల సంతలో నాలుగు యూరోలకి
నేను కొనుక్కొచ్చిన పెట్టె.
ఒకరు చీటీ తీసి కూనిరాగం తియ్యాలి,
తక్కినవాళ్ళు పాట పేరు చెప్పాలి, అంతే ఆట.
నియమాల కాగితమేమో జర్మన్‌లో ఉంది.
స్టుట్‌గార్ట్‌లో ఎనిమిదేళ్ళు టైల్స్ అతికించొచ్చిన అబీలియో
చదివి చెబుతాడు,
తనకి లాభమున్న చోట కాస్త గట్టిగా.

పావులు రెండే మిగిలాయి పెట్టెలో.
పోనీ, మాకు పళ్ళకేం కరువు!
రంగు కుదరక తిరిగొచ్చిన కోరపన్ను గ్రసియేత్‌ది.
దవడపన్ను అబీలియోది.
నాకు అంచు చిట్లిన ముందుపన్ను.
ఇసుక గడియారం పగిలిపోతే
అచ్చులు తీసే గులాబి ముద్ద కలిపాం గిన్నెలో:
వేలికి అంటుకోనంత గట్టిపడేలోగా
జవాబు రావాలి.
తన వంతు రాగానే అబీలియో
చన్నీళ్ళతో కలపమంటాడు,
ముద్ద ఆలస్యంగా బిగుస్తుందని వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

గ్రసియేత్ తీసిన రాగం ఎటో మొదలై ఎటో పోయింది.
బిల్లులు రాసే లియొకాదియా గారు
పదకొండేళ్ళలో మేం నవ్వగా చూడని మనిషి,
పంటి బిగువున ఆపుకుంటూ ఆపుకుంటూ
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కుస్తోదియో ఆడనన్నాడు.
ముప్ఫయినాలుగేళ్ళు మెరుగుపెట్టే చక్రం ముందు కూర్చుని
ఎడమ చెవి దానికిచ్చేశాడు.
"లెక్క నేను రాస్తాలే" అని
కుడి చెవి మా వైపు తిప్పి కూర్చున్నాడు.
బలవంతంగా చేతిలో పెట్టాం చీటీ.
బాగా తెలిసిన పాట, పెదవులు విప్పకుండా.

కళ్ళు మూసుకున్నాడు.
ఒకటే స్వరం.
కిందనుంచి, ఎక్కడో కడుపులోంచి,
ఎక్కదు, దిగదు.
మధ్యలో చిన్న వెక్కిలి,
మళ్ళీ అదే స్వరం. మళ్ళీ వెక్కిలి.
చివర్న పళ్ళ సందుల్లోంచి సన్నగా ఒక నిట్టూర్పు.

ఊడిన పన్ను చోటికి నాలుక పోయినట్టు
అందరి మనసులూ అక్కడికే పోతున్నాయి,
పేరు మాత్రం తగలడం లేదు.
నేను వేలు పెట్టి చూశా. ముద్ద ఇంకా అంటుతోంది, కొంచెం.

"కంప్రెసర్!" అరిచింది గ్రసియేత్.

అవును, అదే. మెట్ల కింద గదిలోది.
ఆగస్టులో బాగుచేయించాక ఆ వెక్కిలి,
సాయంత్రం గాలి వదిలేటప్పుడు ఆ నిట్టూర్పు.
రోజూ పొద్దుణ్ణించీ దానిమీదే కూర్చుని పనిచేస్తాం.

అది పాటేనా, ఒప్పుకోనన్నాడు అబీలియో.
కాగితం తిరగేశాడు, బోర్లించాడు,
దీపానికెత్తి చూశాడు.
జర్మన్లు ఈ సంగతి ఆలోచించలేదు.
"దాని కరెంటు బిల్లు కడుతున్నది నేను,
పాటో కాదో నన్నడగండి" అన్నారు లియొకాదియా గారు.
దాంతో తగువు తెగిపోయింది.

"ఎలా పట్టావు తాతా అంత బాగా?" అంటే
కుస్తోదియో బూటు కొనతో నేలమీద తట్టాడు:
"ఇక్కణ్ణించి వస్తుంది కదా.
దీనికి చెవులెందుకు?"

ఎవరు గెలిచారో గుర్తులేదు.
నా ముందుపన్ను బల్లకిందెక్కడో పడిపోయింది.
గిన్నెలో ముద్ద పారెయ్యడం మరిచాం,
వేళ్ళ గుంటలతో అలాగే బిగుసుకుంది,
ఏ నోటికీ పనికిరాని అచ్చు.

సోమవారం ఎనిమిదికి మీట నొక్కాను.
మెట్ల కింద అది గొంతు సవరించుకుంది.
మూడు తలలు ఒక్కసారి పైకి లేచాయి.
నాలుగోది చక్రం మీదికి వంగి
తన పని తాను చేసుకుంటోంది.

అప్పుడు తెలిసింది,
ఆ రాత్రి ఆయన అర స్వరం పైన తీశాడని.
ఎవరం చెప్పలేదు.