రికార్డుల్లోకి ఎక్కనివి

తొమ్మిదేళ్ళు ఆయన మాటలు టైపు చేశాను.
అంటే, ఎక్కువగా ఒకటే మాట: ఆర్డర్.
విసుగొచ్చి దానికి విడిగా ఒక మీట పెట్టుకున్నాను.

కాలిన్ ట్రెగెన్జా.
రాగి గనులు మూతబడ్డ ఊళ్ళో పుట్టి
గొర్రెల సంతలో గొంతు పెంచుకున్నవాడు.
అడిలైడ్ సభలో ఎన్నికైన రోజు
ఆనవాయితీ కదా, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని
కుర్చీ దాకా ఈడ్చుకెళ్ళారు.
వెనకటి రాజులు స్పీకర్ల తలలు తీసేవారట, అందుకని.
ఆయనా ఆనవాయితీగా కాళ్ళు తన్నిపెట్టాడు,
ముందురోజే పాలిష్ పెట్టించిన బూట్లతో.

స్పీకర్ అంటారు గాని
ఆ కుర్చీలో కూర్చుంటే మాట్లాడకూడదు.
కరువు మీద ఒక అభిప్రాయం ఉండకూడదు,
ఉన్ని ధర మీద కూడా.
ఒక్క ఊపిరిలో రెండు వందల పొట్టేళ్ళు అమ్మిన గొంతు
రోజుకు ఆరు గంటలు గుటకలు మింగేది.
ఎదురుగా బల్ల దగ్గర నేను,
ఆ గుటక కాలర్ దాటి దిగడం చూసేదాన్ని.

న్యాయంగా ఉన్నాడా అంటే,
మొదటి ఏడాది ఉన్నాడు.
సాక్షాత్తూ ప్రీమియర్నే గంటసేపు బయట నిలబెట్టాడు.
తర్వాత కుడిచెవి మందగించింది.
కుడివైపు కూర్చునేది సొంత పార్టీ.
ఎడమవైపు మాత్రం తుమ్మినా ఉరిమినట్టే.
ఒక మంగళవారం పదకొండు మందిని వెళ్ళగొడితే
మధ్యాహ్నానికి క్యాంటీన్లో పైలు అయిపోయాయి.

ట్రెజరర్ ఒకావిణ్ణి ముసలి గొర్రె అన్నాడు.
"నాకు వినబడలేదు" అన్నారు అధ్యక్షులవారు.
నాకు వినబడింది. టైపు చేశాను.
సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి ఫోను:
మైకు పట్టలేదు కదా, తీసెయ్యండి.

తీసేశాను.
ఆయన తప్పులు చెప్పబోతూ
నాది మధ్యలో పెట్టాను, గమనించే ఉంటారు.

ఇక కారు సంగతి.
డ్రైవర్ హీయు లాగ్‌బుక్కు చూడముచ్చటగా ఉంటుంది,
ముత్యాల్లాంటి అంకెలు.
శనివారం, మూడు వందల పన్నెండు కిలోమీటర్లు, అధికార పర్యటన.
మళ్ళీ శనివారం. మళ్ళీ.
పేపర్లవాళ్ళు ఆడమనిషి అనుకున్నారు,
కాదు పేకాట అనుకున్నారు.
ఒక కుర్రాడు యూకలిప్టస్ పొదల్లో
చలికి వణుకుతూ రెండు రాత్రులు పడుకున్నాడు.
తీరా దొరికింది ఇదీ:
మాలీ పొదల అవతల రేకుల షెడ్డు,
బోర్లించిన పాల పెట్టె మీద, టోపీ వెనక్కి నెట్టి,
సభాపతి పొట్టేళ్ళను వేలం వేస్తున్నాడు.
నూటికి నాలుగు కమిషను.
పెట్రోలు మాత్రం ప్రజలది.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో.
తప్పు తప్పే, కాదనను.
కాని ఆ గొంతు!
అంకెల్ని ఎగరేసి, పట్టి, మళ్ళీ ఎగరేసి,
వెనక బెంచీ రైతు కనుబొమ కదిలితే అందుకుని...
తొమ్మిదేళ్ళు ఆయన పక్కనే ఉండి
ఆ మనిషిని నేను ఒక్కసారీ వినలేదు.

తీర్మానం రోజు కుర్చీలో డిప్యూటీ, కాలీ మార్కోస్.
ఆయన చివరి వరుసలో, మోకాళ్ళు బల్లకు కొట్టుకుంటూ.
ఎవడో మే అన్నాడు.
ఇంకొకడు మే అన్నాడు.
సభంతా మందైపోయింది.
అలవాటు కొద్దీ లేచి ఆయన "ఆర్డర్!" అన్నాడు.
అలవాటు కొద్దీ సభ ఆగిపోయింది.
గోడ గడియారం వినిపించింది నాకు.
తర్వాత, నవ్వు.
"సభ్యులు కూర్చోవాలి" అంది కాలీ,
పిల్లాడికి చొక్కా బొత్తాం పెట్టినంత మెల్లిగా.
అప్పటికే నా వేలు మీట నొక్కేసింది,
స్పీకర్: ఆర్డర్.
చెరిపి, పేరు మార్చి, అంతరాయం అని రాశాను.

ఇరవై నాలుగు, ఇరవై రెండు.

వెళ్తూ నా బల్ల పక్కన ఒక్క క్షణం ఆగాడు.
మైకు లేదు. నా వైపు చూడనూ లేదు.
ఒకటోసారి, అన్నాడు.
రెండోసారి.
తలుపు ఊగుతూ ఉంది చాలాసేపు.