ఖైరతాబాద్ దిక్కు నుంచి

మొదటి రోజు పడవ ఎక్కనివ్వను.
గట్టు మీద నిలబెట్టి కళ్లు మూసుకోమంటాను.
గాలి ఏ చెవికి ముందు తగిలింది?
పదకొండు మంది, పదకొండు దిక్కులు.
రసూల్‌పురా షబీనా మాత్రం చెయ్యెత్తలేదు.
"నాకు వాసనే తెలుస్తది సార్."
అందరూ నవ్వారు.
నేను నవ్వలేదు. ఈ సాగర్‌లో
ముక్కు కూడా దిక్సూచే.

రెండో రోజు బోల్తా పడటం నేర్పిస్తాను.
ఏడున్నర అడుగుల పడవ,
ముందు భాగం కోసేసినట్టు మొద్దుగా,
బట్టలు నానబెట్టే తొట్టిలా.
మేమే తోసి తిరగేస్తాం.
నీళ్లలో పడ్డాక, అరిచాక, దగ్గాక
అడుగు పలక పట్టుకుని వేలాడితే
మునిగిన తెరచాప
చెరువులోంచి బర్రె లేచినట్టు
నీళ్లోడుతూ లేస్తుంది.
తర్వాత కోసిన నూనె డబ్బాతో
అరగంట తోడుకోవాలి.

నిమజ్జనం అయిన వారం
చుక్కానికి దండల పీచు చుట్టుకుంటుంది.
ఎవడో ఒకడు దానికి దండం పెట్టి మరీ విప్పుతాడు.

తిరుమలేశ్ అని పాటిగడ్డ పోరగాడు.
వాళ్ల నాన్న నీళ్ల ట్యాంకర్ మీద పనిచేసేవాడు,
వీడు మాత్రం సాగర్ వైపు పోవద్దని
చిన్నప్పటి నుంచి తన్నులు తిన్నాడు.
తాడు పట్టుకుంటే వదిలేవాడు కాదు.
గాలి ఎంత గుంజితే అంత బిగించేవాడు,
అరచేతులు తోలు లేచి పచ్చిగా ఉండేవి.
భయమేస్తే తాడు వదిలెయ్ రా అంటే
"వదిలితే పోతది గద సార్?"
పోదు. తెరచాప కాసేపు కొట్టుకుంటుంది,
పడవ ఆగుతుంది, నువ్వు ఊపిరి పీల్చుకుంటావు.
ఆ ఒక్క మాట వాడి పిడికిలి దాకా చేరడానికి
రెండు నెలలు పట్టింది.

పద్దెనిమిది నిండగానే మానేశాడు.
బైకు కొన్నాడు, వీపు మీద తిండి పెట్టె,
నెలనెలా కిస్తీ.
డబ్బున్నోళ్ల ఆట నేర్పి
ఏం ఒరగబెట్టానని
ఆ ఏడంతా నాకు సరిగ్గా మింగుడుపడలేదు.
సాయం చేస్తామని ఒక కంపెనీ వాళ్లొచ్చి
ఫారం ఇచ్చారు: పిల్లలకు కలిగిన లాభం.
"రెండు కంచు పతకాలు" అని రాసి
మిగిలిన గీతలు ఖాళీగా వదిలేశాను.

పోయిన జూలై, శనివారం మధ్యాహ్నం.
ఆకాశం తెల్లగా, నీళ్లు నూనెలా.
పదకొండు పడవలు బుద్ధుడికి ఇవతల
కదలక మెదలక నిలబడి ఉన్నాయి.
ఫోన్ మోగింది.
"సార్, ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీదున్న.
హోర్డింగ్ గుడ్డ పటపట కొట్టుకుంటున్నది,
దుమ్ము లేచింది, పడమటి దిక్కు నుంచే.
నాలుగు నిమిషాలున్నది మీకు.
పోరగాండ్లు నీళ్లల్ల ఉన్నరా?"
వెనకాల హారన్లు. ఎవరో తిడుతున్నారు
దారికి అడ్డంగా ఆపినందుకు.
"ఆర్డర్ లేటయితున్నది" అని పెట్టేశాడు.

విజిల్ ఊదాను.
షబీనా అప్పటికే పడవ తిప్పుతోంది,
"వాసన మారింది సార్!" అని నీళ్ల మీంచి కేక.
ఏడుగురు గట్టు అందుకున్నారు.
నలుగురు నడిమధ్యలో చిక్కుకున్నారు.
నీళ్లు నల్లబడి గరుకుగా వచ్చాయి,
పార్కులో పెద్ద జెండా ఒక్కసారి నిటారుగా సాగింది.
నాలుగు తెరచాపలూ
తాళ్లు వదిలేసి
తడి దుప్పట్లలా కొట్టుకుంటూ నిలబడ్డాయి.
నేను లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.
నాలుగూ.

రాత్రి పదకొండు దాటాక చేశాడు.
అందరూ బయటికొచ్చారని చెప్పి,
అయినా మాస్టర్ని కదా, ఊరుకోలేక,
"మూడున్నర నిమిషాలకే వచ్చిందిరా,
నీ లెక్క అర నిమిషం తప్పింది" అన్నాను.
వాడికి నిజంగానే కష్టమనిపించినట్టుంది.
కాసేపు మాట్లాడలేదు.
"హెల్మెట్ ఉండె గద సార్" అన్నాడు,
"చెవులకు గాలి తగల్లే."